అమెరికాలో పిల్లల ఇంటికి వెళ్తున్నారా? రాడాన్ సంగతి అడగండి



పోయిన డిసెంబరులో, క్రిస్మస్‌కు ముందు వారం, మా ఆసుపత్రి ఛాతీ విభాగం ఓపీకి ఒక దంపతులు వచ్చారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. జనవరిలో పెన్సిల్వేనియాలో ఉన్న కొడుకు దగ్గరకు ఆరు నెలలకని వెళ్తున్నారు. మాస్టారి దగ్గుకు మందులు రాయించుకుని పోదామని వచ్చారు. చీటీ రాయడం అయ్యాక ఆయన లేచారు గానీ ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"డాక్టరుగారూ, ఒక మాట అడగొచ్చా? మా వాడు కొత్తగా ఇల్లు కొన్నాడు. అమ్మ మెట్లెక్కలేదని కింద గది మాకోసమే బాగు చేయించాడు. పక్కనే స్నానాల గది కూడా పెట్టించాడు. ఇప్పుడేమో ఆ ఇంట్లో ఏదో గ్యాసు ఉందని కాగితం వచ్చిందంట. రాడానంట. పదకొండు ఉందంట. కోడలు ఫోన్లో చెప్పింది. మా వాడేమో అదేం కాదులే అమ్మా అంటున్నాడు. అంత ఆశగా చేయించిన గదిలో పడుకోనని వాడికి ఎట్టా చెప్పేది?"

నిజం చెప్పాలంటే ఇన్నేళ్ళలో మా ఓపీలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. రాడాన్ గురించి మేము చదువుకున్నది పరీక్షల కోసం. ఆ రోజు తెలిసినంతవరకు చెప్పి, నాలుగు రోజుల తర్వాత మళ్ళీ రమ్మన్నాము. ఈలోగా కూర్చుని చదివాము. వారికి చెప్పినదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాము. మన సంఘాలలో ఇప్పుడు పిల్లలు అమెరికాలోనో కెనడాలోనో లేని వీధి అరుదు. పిల్లల దగ్గరకు వెళ్ళివచ్చే తల్లిదండ్రులూ ఎక్కువే. కాబట్టి ఈ ప్రశ్న ఒక్క అమ్మగారిదే కాదని అనుకుంటున్నాము.

రాడాన్ ఎక్కడిది?

భూమిలో, రాళ్ళలో అంతటా కొద్దో గొప్పో యురేనియం ఉంటుంది. అది కోట్ల సంవత్సరాలుగా నెమ్మదిగా విచ్ఛిన్నమవుతూ రేడియంగా మారుతుంది. రేడియం నుండి రాడాన్ పుడుతుంది. యురేనియం, రేడియం ఘనపదార్థాలు గనుక ఉన్నచోటే ఉంటాయి. రాడాన్ వాయువు. మట్టి సందుల్లోంచి, బండల పగుళ్ళలోంచి పైకి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఆరుబయట గాలిలో కలిసి పలుచబడిపోతుంది. మూసిన ఇంట్లోకి చేరితే మాత్రం పోగుపడుతుంది.

మన ప్రభువు చెప్పిన ఉపమానంలో బండమీద కట్టిన ఇల్లే నిలిచింది. ఈ ఒక్క సంగతిలో మాత్రం బండమీద కట్టిన ఇంటిని కూడా పరీక్ష చేయించాలి!

రాడాన్ సగం తరిగిపోవడానికి 3.8 రోజులు పడుతుంది. మనం పీల్చిన రాడాన్‌లో ఎక్కువ భాగం మళ్ళీ ఊపిరితో బయటకు పోతుంది. హాని చేసేది ప్రధానంగా దాని సంతానం. రాడాన్ విచ్ఛిన్నమైతే పొలోనియం, సీసం, బిస్మత్ వంటి అణువులు వరుసగా పుడతాయి. ఇవి వాయువులు కావు. గాలిలోని దుమ్ముకు, పొగ రేణువులకు అంటుకుని లోపలికి వెళ్ళి శ్వాసనాళాల గోడల మీద వాలతాయి. అక్కడ కొద్ది నిమిషాలలోనే అవి కూడా విచ్ఛిన్నమవుతూ ఆల్ఫా కణాలను వదులుతాయి. ఆల్ఫా కణాన్ని ఒక కాగితం ముక్క ఆపగలదు. మన చర్మం పై పొర ఆపగలదు. శ్వాసనాళం లోపలి పొరకు అటువంటి రక్షణ లేదు. కణాల లోపలి డి.ఎన్.ఎ. దెబ్బతింటుంది. చాలామటుకు శరీరం బాగు చేసుకుంటుంది. ఏళ్ళ తరబడి దెబ్బలు పడుతూ ఉంటే ఎక్కడో ఒకచోట బాగు చేయడంలో పొరపాటు జరిగి క్యాన్సర్‌కు దారితీయవచ్చు.

ఇక్కడ ఒక మాట. రాడాన్ వల్ల దగ్గు రాదు, తలనొప్పి రాదు, ఆయాసం రాదు. "ఆ ఇంట్లో మాకు ఏమీ అనిపించలేదు" అనేది సాక్ష్యం కాదు. అలాగే అమెరికా ఇళ్ళలో గోడకో పైకప్పుకో కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించి ఉంటుంది. అది వేరే వాయువు. గంటలలో ప్రాణం తీస్తుంది గనుక అలారం పెడతారు. ఆ అలారం రాడాన్‌ను పసిగట్టలేదు.

గని పనివారి జబ్బు

ఈ సంగతి మొదట బయటపడింది ఇళ్ళలో కాదు, గనులలో. జర్మనీ, చెక్ దేశాల సరిహద్దు కొండలలో ష్నీబర్గ్, యాహిమోవ్ అని రెండు ఊళ్ళు ఉన్నాయి. యాహిమోవ్‌కు జర్మను పేరు యోహిమ్‌స్థాల్, అంటే యోహిమ్ లోయ. 16వ శతాబ్దంలో అక్కడి వెండితో కొట్టిన నాణేనికి ఆ లోయ పేరు మీదనే తాలర్ అనే పేరు వచ్చింది. డాలరు అనే మాట పుట్టింది అందులోంచే. మన పిల్లలు సముద్రాలు దాటి సంపాదించే డాలరుకు, ఇంట్లో రాడాన్‌కు ఇలా ఒక చుట్టరికం ఉంది.

ఆ ఊరిలో అగ్రికోలా అనే వైద్యుడు పనిచేశాడు. గనుల మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం 1556లో అచ్చయింది. గని పనివారి ఊపిరితిత్తులు ఎలా పాడవుతాయో అందులో రాశాడు. కార్పాతియన్ కొండల గనుల దగ్గర ఒక్కొక్క స్త్రీ ఏడుగురు భర్తలను పోగొట్టుకున్నదని కూడా రాశాడు. దుమ్ము, క్షయ, విషపు రాళ్ళు అన్నీ కలిసిన చావులవి. 1879లో ఇద్దరు వైద్యులు ష్నీబర్గ్ పనివారిని పరిశీలించి, ఆ 'కొండ జబ్బు' ఊపిరితిత్తుల్లో గడ్డేనని తేల్చారు. అప్పటికి రాడాన్ అన్న పేరే లేదు. మేరీ క్యూరీ 1898లో పొలోనియం, రేడియంలను కనుగొన్నది ఆ యాహిమోవ్ ఖనిజం నుండే. 1900లో డోర్న్ అనే జర్మను శాస్త్రవేత్త రేడియం నుండి ఒక వాయువు వెలువడుతున్నదని గుర్తించాడు. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ రాడాన్‌ను మనుషులకు నిశ్చయంగా క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది.

పెన్సిల్వేనియాలో మోగిన అలారం

ఇళ్ళ సంగతి లోకానికి తెలిసింది మా మాస్టారి కొడుకు ఉంటున్న పెన్సిల్వేనియాలోనే. 1984 డిసెంబరులో అక్కడ లిమరిక్ అణు విద్యుత్ కేంద్రం నిర్మాణంలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు పనిచేస్తున్నాడు. ఉద్యోగుల ఒంటిమీద రేడియోధార్మికత అంటిందేమో చూసే యంత్రం ఆయన వచ్చినప్పుడల్లా మోగేది. కేంద్రంలో అంటింది కాదు, ఎందుకంటే లోపలికి పనికి వెళ్ళేటప్పుడే మోగుతోంది. చివరకు ఇంటిని పరీక్షించారు. లీటరు గాలికి 2,700 పికోక్యూరీల దాకా రాడాన్ ఉంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇప్పుడు "ఇది దాటితే ఇల్లు బాగు చేయించండి" అని చెప్పే అంకె 4 మాత్రమే. భార్యాపిల్లలతో ఆయన ఇల్లు ఖాళీ చేశాడు. ఆ ఇంటి మీదనే శాస్త్రజ్ఞులు రకరకాల మరమ్మతులు చేసి చూసి, రాడాన్‌ను తగ్గించారు. కొన్ని నెలల తర్వాత ఆ కుటుంబం అదే ఇంటికి తిరిగి వచ్చింది. ఈ చివరి వాక్యం మా అమ్మగారికి రెండుసార్లు చెప్పాము.

ఆ ఇంటి కింద రెడింగ్ ప్రాంగ్ అనే రాతి పట్టీ ఉంది. పెన్సిల్వేనియా నుండి న్యూజెర్సీ వాయవ్య భాగం మీదుగా న్యూయార్కు వైపు పోతుంది. అలాగని మిగతా రాష్ట్రాల వారు నిశ్చింతగా ఉండవచ్చని కాదు. ఐయోవా రాష్ట్రంలో ప్రతి కౌంటీ ఎక్కువ ప్రమాదం గల జాబితాలోనే ఉంది. దేశం మొత్తం మీద సుమారు 15 ఇళ్ళకు ఒక ఇల్లు 4 దాటి ఉంటుందని ఆ సంస్థ అంచనా. పక్కపక్కనే ఉన్న రెండు ఇళ్ళలో ఒకదానిలో ఎక్కువ, మరొకదానిలో తక్కువ ఉండవచ్చు. "పక్కింటి వాళ్ళకు రెండే వచ్చింది" అనే మాటతో మన ఇంటిని తేల్చకూడదు.

కింది గదిలోనే ఎందుకు ఎక్కువ?

చలి దేశాలలో ఇంటికింద నేలలోకి దిగి ఒక అంతస్తు ఉంటుంది. దాన్ని బేస్‌మెంట్ అంటారు. ఈ అబ్బాయి ఇల్లు వాలు మీద కట్టినది గనుక బేస్‌మెంట్‌కు పెరటి వైపు నుండి నేరుగా తలుపు ఉంది. అందుకే మెట్లెక్కలేని తల్లికి అదే అనువైన గది అనుకున్నాడు. చలికాలం తలుపులు, కిటికీలు బిగించి హీటరు వేస్తారు. వేడెక్కిన గాలి పైకి లేచి పై అంతస్తు సందుల్లోంచి బయటకు పోతుంది. ఆ ఖాళీని నింపడానికి ఇల్లు కింది నుండి గాలిని లాక్కుంటుంది. కాంక్రీటు నేల పగుళ్ళు, గొట్టాలు దిగిన చోట సందులు, నీరు చేరే గుంట, ఇవన్నీ రాడాన్‌కు దారులు. అందుకే పై అంతస్తుల కంటే బేస్‌మెంట్‌లో, ఎండాకాలం కంటే చలికాలంలో సాధారణంగా ఎక్కువ.

మన వాళ్ళు అమెరికా వెళ్ళిన కొత్తలో, చదువుకునే రోజుల్లో, అద్దె తక్కువని నలుగురైదుగురు కలిసి బేస్‌మెంట్లలో ఉండటం మామూలే. సొంత ఇల్లు కొన్నాక అదే అంతస్తు పిల్లల ఆట గది, సినిమా గది, అమ్మానాన్నల గది అవుతుంది. ఆఫీసు పని ఇంటినుండి చేసేవారు రోజంతా అక్కడే కూర్చుంటారు. ఆరు నెలలు ఉండి వచ్చే పెద్దవారి కంటే ఏళ్ళ తరబడి అక్కడ గడిపే కొడుకు, కోడలు, మనవల సంగతి ఇంకా ముఖ్యం. అమ్మగారు తన గురించి అడిగారు గానీ మాకు ముందుగా తోచింది ఆ మనవరాలి గురించి. ఆ పాప బొమ్మలన్నీ కింది అంతస్తులోనే ఉన్నాయట.

మాస్టారు వేసిన లెక్క

నాలుగు రోజుల తర్వాత వచ్చినప్పుడు మాస్టారు "పికోక్యూరీ అంటే ఎంతండీ?" అని అడిగారు. లెక్కల మాస్టారు గదా, లెక్కతోనే చెప్పాము. లీటరుకు ఒక పికోక్యూరీ అంటే ఆ లీటరు గాలిలో నిమిషానికి సుమారు 2.2 రాడాన్ అణువులు విచ్ఛిన్నమవుతున్నాయని అర్థం. ఆయన మా మందుల చీటీ వెనక వేసుకున్నారు. పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు వెడల్పు, ఎనిమిది ఎత్తు గల గదిలో దాదాపు 32,600 లీటర్ల గాలి ఉంటుంది. పదకొండు పికోక్యూరీల చొప్పున నిమిషానికి 8 లక్షలకు కాస్త తక్కువ. చూసి ఇద్దరూ కంగారు పడ్డారు. మేము ఆపవలసి వచ్చింది. అణువుల లెక్కలో ఏ అంకె అయినా పెద్దగానే కనిపిస్తుంది. ఆరుబయట గాలిలో కూడా సగటున 0.4 ఉంటుంది. అమెరికా ఇళ్ళ సగటు 1.3. మనిషికి కావలసింది ఈ లెక్క కాదు, ఎంతమందికి జబ్బు వస్తుందనే లెక్క.

కొన్ని దేశాలలో అంకెలు వేరే కొలతలో ఇస్తారు. దాని పేరు ఘనపు మీటరుకు బెక్వెరల్. ఒక పికోక్యూరీకి 37 బెక్వెరళ్ళు. అమెరికా చెప్పే 4 అంటే 148. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో 100 దాటకుండా చూసుకోమని, దేశ పరిస్థితుల వల్ల అది కుదరకపోతే 300 మాత్రం మించవద్దని చెప్పింది. 2005లో ఐరోపాలో 13 పరిశీలనలను కలిపి చూసినప్పుడు, ఇంట్లో రాడాన్ 100 బెక్వెరళ్ళు పెరిగిన కొద్దీ ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం సుమారు 16 శాతం పెరుగుతుందని తేలింది. అందులో 7,148 మంది క్యాన్సర్ రోగులు ఉన్నారు. ఇవి గనుల లెక్కలు కావు, మామూలు ఇళ్ళ లెక్కలు.

అమెరికాలో ఏటా సుమారు 21,000 ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలకు రాడాన్ కారణమని పర్యావరణ సంస్థ అంచనా. పొగాకు తర్వాత రెండవ స్థానం దీనిదే. పొగ తాగనివారిలో మొదటి స్థానం. ఆ 21,000లో ఎప్పుడూ పొగ తాగనివారు సుమారు 2,900 మంది. మిగతావారంతా తాగుతున్నవారో ఒకప్పుడు తాగినవారో. ఈ చివరి అంకె దగ్గర మేము మాస్టారి వైపు చూశాము.

ఆయన చూడలేదు

"సిగరెట్లు ఎన్ని?" అని అడిగాము. ఆయన కిటికీలోంచి బయటకు చూస్తున్నారు. అమ్మగారే చెప్పారు. "పెళ్ళయినప్పుడు చుట్ట. తరువాత సిగరెట్టు. బళ్ళో పిల్లలకు కనపడకుండా తాగేవారు. చర్చికి పోయే రోజు మాత్రం పూట మానేస్తారు." మొత్తం నలభై ఏళ్ళ పైన. ఇప్పుడు రోజుకు పది.

ఆ సంస్థ వేసిన పట్టికలోని ఒక వరుస ఆయనకు చూపించాము. లీటరుకు 10 పికోక్యూరీల ఇంట్లో జీవితమంతా ఉంటే, ఎప్పుడూ పొగ తాగని వెయ్యి మందిలో సుమారు 18 మందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చు. పొగ తాగే వెయ్యి మందిలో 150 మందికి. 4 పికోక్యూరీల ఇంట్లో అయితే 7, 62. ఇల్లు అదే, గాలి అదే. పొగాకు, రాడాన్ రెండూ ఒకే చోట, ఒకే పొర మీద దెబ్బ తీస్తాయి గనుక ప్రమాదం ఇంతగా పెరుగుతుంది. పైగా ఇంట్లో సిగరెట్టు వెలిగిస్తే ఆ పొగ రేణువులు రాడాన్ సంతానానికి వాహనాలవుతాయి, పక్కన కూర్చున్న పాపకు కూడా.

ఇవి జీవితకాలపు లెక్కలు. ఆరు నెలల మకాముతో అమ్మగారికి పెరిగే ప్రమాదం చాలా చిన్నది. ఆ మాట గట్టిగానే చెప్పి ఆమెను ధైర్యపరిచాము. మాస్టారికి మాత్రం మేము భయపడేది పెన్సిల్వేనియా గది గురించి కాదు, చొక్కా జేబు గురించి. ఆయన ఎక్స్-రేలో గడ్డ లాంటిదేమీ కనిపించలేదు. ఎక్స్-రేలో కనిపించనంత మాత్రాన లేనట్టు కాదనీ, మొదటి దశ గడ్డలు అందులో తప్పిపోవచ్చనీ చెప్పాము. పొగ మానడానికి మందులున్నాయి, నికోటిన్ చూయింగ్ గమ్ ఉంది, మా దగ్గర కౌన్సెలింగ్ ఉంది. ఆయన "చూద్దాం లెండి" అన్నారు. ఈ మాట మా ఓపీలో రోజూ వింటాము.

రక్తం, మూత్రం పరీక్షలతో "మా ఒంట్లోకి రాడాన్ ఎంత పోయింది?" అని తేల్చే మామూలు పద్ధతి లేదు. పరీక్ష చేయవలసింది మనిషికి కాదు, ఇంటికి.

ఇంటికి పరీక్ష

లేవీయకాండము పద్నాలుగవ అధ్యాయంలో ఇంటికి తగిలిన కుష్ఠు పొడను చూడటానికి యాజకుడు వచ్చి, ఇంటిని ఏడు దినాలు మూయించి, మళ్ళీ వచ్చి చూసే క్రమం ఉంది. అది వేరే సంగతి. కానీ రాడాన్ పరీక్ష క్రమం కూడా చిత్రంగా దాన్నే తలపిస్తుంది. బొగ్గు నింపిన చిన్న డబ్బా ఒకటి అమెరికాలో హార్డ్‌వేర్ దుకాణాలలో దొరుకుతుంది. కొన్ని రాష్ట్రాలు తక్కువ ధరకో ఉచితంగానో ఇస్తాయి. ఇంట్లో మనుషులు ఉండే అన్నిటికన్నా కింది అంతస్తులో దానిని పెట్టాలి. పరీక్షకు 12 గంటల ముందు నుండి, పరీక్ష జరిగినంత కాలం, తలుపులు కిటికీలు మూసి ఉంచాలి. మనుషులు మామూలుగా వచ్చిపోవచ్చు. వంటగదిలో, స్నానాల గదిలో పెట్టకూడదు. నేలకు కనీసం 20 అంగుళాల ఎత్తున ఉండాలి. రెండు నుండి ఏడు రోజుల తర్వాత మూత బిగించి, ఆలస్యం చేయకుండా వెంటనే ప్రయోగశాలకు పంపాలి. రాడాన్ త్వరగా తరిగిపోతుంది గనుక డబ్బాను వారాల తరబడి కారులో మరిచిపోతే ఫలితం తప్పుతుంది.

మూడు నెలల పైబడి పెట్టి ఉంచే పరికరాలు కూడా ఉన్నాయి. ఏడాది పొడవునా సగటు తెలుసుకోవాలంటే అవి మెరుగు. మొదటిసారి 4 గానీ ఆపైన గానీ వస్తే ఇంకొక పరీక్ష చేసి నిర్ధారించుకోమంటారు. 8 దాటితే మూడు నెలలు ఆగకుండా రెండవసారి కూడా తక్కువ రోజుల పరీక్షే చేయమంటారు.

అద్దెకుండేవారు కూడా ఈ డబ్బా తెచ్చి పెట్టుకోవచ్చు. ఇంటి యజమాని అనుమతి కోసం ఆగనక్కరలేదు. ఫలితం కాగితం చేతిలో ఉంటే యజమానితో మాట్లాడటం తేలిక.

బాగు చేయించడం

గాలిని శుభ్రం చేస్తామనే యంత్రాలు, మూతికి మాస్కులు, గదిలో మొక్కలు దీనికి పరిష్కారం కావు. కిటికీ తెరిస్తే తగ్గుతుంది, మూయగానే గంటలలో మళ్ళీ చేరుతుంది. మంచు పడే రోజున ఎవరు తెరుస్తారు? పగుళ్ళు పూడ్చడం మంచిదే గానీ అదొక్కటే చాలదు. సరైన పద్ధతి ఇది. కాంక్రీటు నేలకు రంధ్రం చేసి, దాని కింది మట్టిలోకి గొట్టం దింపుతారు. ఆ గొట్టాన్ని కప్పు పైదాకా తీసుకుపోయి, మధ్యలో ఫ్యాను పెడతారు. ఫ్యాను ఇంటి కింద గాలిని పీల్చి కప్పు పైన వదులుతుంది. ఇల్లు రాడాన్‌ను లాక్కోకముందే గొట్టం లాక్కుంటుందన్నమాట. సాధారణంగా ఒక్కరోజు పని. రాడాన్ బాగా తగ్గిపోతుంది, కొన్ని ఇళ్ళలో 99 శాతం దాకా. ఈ పనికి శిక్షణ పొంది గుర్తింపు ఉన్నవారినే పిలవాలి. పని అయ్యాక నెలలోపు మళ్ళీ పరీక్ష, ఆ తర్వాత రెండేళ్ళకొకసారి.

ఇక్కడ మన పెద్దవారికి ఒక మనవి. ఆ ఫ్యాను రాత్రింబగళ్ళు తిరుగుతూనే ఉండాలి. మన ఇళ్ళలో గదిలోంచి బయటకు వస్తూ స్విచ్చి ఆపడం మంచి అలవాటే. అక్కడ మాత్రం "ఈ ఫ్యాను ఊరికే తిరుగుతోంది, కరెంటు దండగ" అని దానిని ఆపకండి. గొట్టానికి యూ ఆకారంలో ఒక చిన్న గొట్టం, అందులో రంగు ద్రవం ఉంటుంది. రెండు వైపులా ద్రవం ఎత్తు వేరువేరుగా ఉంటే ఫ్యాను లాగుతున్నట్టు. సమానంగా కనిపిస్తే ఆగిపోయినట్టు, పిల్లలకు చెప్పండి. రోజుకొకసారి దాన్ని చూసి రావడం తాతగారికి అప్పగించదగిన పని.

ఇల్లు కొనేటప్పుడు పరీక్షలో ఎక్కువ వచ్చిందని ఇల్లు వదులుకోనక్కరలేదు. అమ్మేవారినే బాగు చేయించి ఇమ్మని అడగడం అక్కడ మామూలు. ఈ అబ్బాయికి ఆ సంగతి తెలియక ముందే కొనేశాడు, కాగితాలలో ఆ పేజీ చూడలేదట.

మరి మన ఇళ్ళు?

ఓపీలో ఈ మాటలు విన్న మా నర్సు ఒకరు "మా ఇల్లు కూడా బండమీదే ఉందండీ, మాకో?" అన్నారు. మన నేలలో కూడా యురేనియం ఉంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో గనే ఉంది. రాడాన్ లేని ఊరు ఉండదు. అయితే మన ఇళ్ళకు బేస్‌మెంట్లు అరుదు. ఏడాదిలో ఎక్కువ కాలం తలుపులు, కిటికీలు తెరిచే ఉంటాయి. నెలల తరబడి హీటరు వేసి బిగించుకునే అవసరం లేదు. కాబట్టి చలి దేశాల ఇళ్ళలో పోగుపడినట్టు ఇక్కడ పోగుపడదు. ఏసీ కోసం కింది అంతస్తు గదిని రోజంతా మూసి ఉంచేవారు ఉదయం సాయంత్రం కాసేపు కిటికీలు తెరిస్తే మంచిది. దానివల్ల రాడాన్ ఒక్కటే కాదు, ఇంకా చాలా బయటకు పోతాయి.

మా వార్డులో ఊపిరితిత్తుల జబ్బుతో పడుకున్నవారిని చూస్తే కారణాల వరుస వేరుగా కనబడుతుంది. బీడీ, చుట్ట, సిగరెట్టు ముందు. తరువాత కిటికీ లేని వంటింట్లో పుల్లల పొయ్యి. గ్యాసు బండ ఇంట్లో ఉన్నా నీళ్ళు కాచుకోవడానికి, పశువుల దాణాకు పుల్లలే వాడే ఇళ్ళు ఎన్నో. రాడాన్ గురించి చదివి కంగారు పడేవారు ముందు ఆ పొయ్యిని బయటి వసారాలోకి మార్చండి.

జనవరిలో

ఆ రెండవసారి వచ్చినప్పుడే అమ్మగారు మా ఓపీ నుండి కొడుక్కి ఫోను చేశారు. తాను పడుకోనని చెప్పలేదు. "నాయనా, పాప అక్కడే ఆడుకుంటుంది గదా, అది బాగు చేయించేదాకా మేము రాములే" అన్నారు. అవతల కాసేపు మాట లేదు. తరువాత మేము ఆ అబ్బాయితో మాట్లాడి పైన రాసినదంతా చెప్పాము. జాగ్రత్తగా విన్నాడు. మొదట రెండవ పరీక్ష చేయించాడు, 9.6 వచ్చింది. గొట్టం, ఫ్యాను పెట్టించడానికి పదహారు వందల డాలర్లు అయిందట. పని అయిన మూడు వారాలకు మళ్ళీ పరీక్షిస్తే 1.1. టికెట్లు మార్చి నెలకు మార్చుకున్నారు.

ప్రయాణానికి ముందు మాస్టారు ఒక్కరే వచ్చి ఫలితం కాగితం మా బల్ల మీద పెట్టారు. పది నుండి ఒకటికి వచ్చిందని సంతోషంగా చెప్పారు. సిగరెట్ల సంగతి అడిగాము. పది నుండి నాలుగుకు వచ్చానన్నారు. మూడు నెలలకు సరిపడా నికోటిన్ గమ్ రాసి ఇచ్చి, సెప్టెంబరులో తిరిగి వచ్చిన వారంలోనే కనిపించమని చీటీ మీద తేదీ వేశాము.